ఎడ్మండు బర్కు మహాశయుని జీవితము

రాజ్యాధికారము రాజు చేతనున్నను, వర్తకుల చేతనున్నను, జనసమూహము చేతనున్నను, లెక్క చెప్పవలసిన బాధ్యత లేనిచో అది ప్రజలను పీడింపక మానదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు పార్లమెంటునందు ఈ విషయమును దాదాపు ముప్పది సంవత్సరములపాటు చాటిన వక్త ఎడ్మండు బర్కు. ఆయన ప్రధానమంత్రి కాలేదు. మంత్రివర్గమున ముఖ్యస్థానమును పొందలేదు. పూనిన కార్యములలో పెక్కులు ఆయన కన్నులయెదుటనే ఓడిపోయినవి. అయినను బ్రిటిషు కన్సర్వేటివు పక్షమువారు తమ సిద్ధాంతములకు మూలపురుషుడుగా ఆయననే చెప్పుకొందురు. వింత యేమనగా, ఆయన జీవితమంతయు విగ్గు పక్షములో గడపినవాడేగాని, నేటి కన్సర్వేటివులకు పూర్వులగు టోరీల పక్షమున చేరినవాడు కాడు. ఆర్కాటు నవాబు ఋణముల వ్యవహారమును పార్లమెంటున నిలదీసినవాడగుటచే తెలుగుసీమకును ఆయన చరిత్రతో కొంత సంబంధము కలదు.

బర్కు 1729వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమైన డబ్లినులో జన్మించెను. తండ్రి రిచర్డు బర్కు న్యాయవాదవృత్తిలోనివాడు, ప్రొటెస్టెంటు మతస్థుడు. తల్లి మేరీ నాగిల్ కతోలికమతస్థురాలు. ఆ దినములలో ఐర్లండునందు కతోలికులకు ఓటుహక్కు లేదు. సర్కారు కొలువులు లేవు. భూమిని కొనుటకును, పిల్లలకు తమ మతరీతిని చదువు చెప్పించుటకును చట్టములు అడ్డుపడుచుండెను. బాలుడైన బర్కు ఆరోగ్యము చాలకపోవుటచే కొన్ని సంవత్సరములు కార్కు సీమలో తల్లి పుట్టింటివారి నడుమ పెరిగెను. తనకు అన్నము పెట్టి ఆదరించిన బంధువులే చట్టమునెదుట అంటరానివారివలె నుండుట ఆయన చిన్ననాటనే చూచెను. తరువాత బాలిటోరు గ్రామమున క్వేకరు మతస్థుడగు ఏబ్రహాం షాకిల్‌టను నడుపు పాఠశాలలో చదివెను. ఆ గురువు కుమారుడు రిచర్డు ఆయనకు జీవితాంతము మిత్రుడు. ఇట్లు మూడు మతముల మంచితనమును చవిచూచి పెరిగినవానికి మతద్వేషము తలకెక్కకుండుట సహజము.

1744లో డబ్లినునందలి ట్రినిటీ కళాశాలలో చేరి, 1748లో పట్టము పొంది, 1750లో న్యాయశాస్త్రము నభ్యసించుటకు లండను నగరము చేరెను. ఆ చదువు ఆయనకు రుచింపలేదు. తండ్రికి కోపము వచ్చినను సాహిత్యమునే ఆశ్రయించెను. 1757లో సౌందర్యతత్త్వమును గూర్చిన గ్రంథము వెలువరించి పండితుల మన్నన పొందెను. ఆ యేడే జేను నూజెంటు అను ఒక వైద్యుని కుమార్తెను వివాహమాడెను. కుటుంబపోషణకై 1758 మొదలు ఒక వార్షిక సంచికకు సంపాదకత్వము వహించి, ఏటికి 100 పౌనుల ప్రతిఫలముతో దేశదేశముల వార్తలు వ్రాయుచుండెను. 1764లో జాన్‌సను పండితుడును, చిత్రకారుడు రెనాల్డ్సును, కవి గోల్డుస్మిత్తును కలసి ఏర్పరచిన సాహిత్యగోష్ఠిలో బర్కు ఒక సభ్యుడు. జాన్‌సను కరడుగట్టిన టోరీ. రాజకీయములలో వారిరువురికి పొత్తు కుదరకున్నను స్నేహము మాత్రము చెడలేదు.

1765లో ప్రధానమంత్రియైన రాకింగ్‌హాం ప్రభువునకు బర్కు కార్యదర్శి అయ్యెను. ఆ సంవత్సరాంతముననే పార్లమెంటు సభ్యుడును అయ్యెను. ఆ మంత్రివర్గము ఒక్క యేడాదియే నిలిచినను సామాన్య గృహస్థునకు మేలు కలిగించు పనులు కొన్ని చేసెను. 1763లో ఆపిలుపండ్ల సారాయముపై వేసిన పన్ను వలన సుంకపుటధికారులు రైతుల యిండ్లలో జొరబడి పీపాలు తడవి చూచుచుండిరి. ఈ పద్ధతిని 1766లో తొలగించిరి. పేరు వ్రాయని వారంటు చేతబట్టుకొని ఎవరినైనను పట్టుకొనుటయు, ఎవరి కాగితములనైనను సోదా చేయుటయు అక్రమమని కామన్సు సభ ఆ యేడే తీర్మానించెను. అమెరికా వలసలవారికి కంటకమైన స్టాంపు పన్నును కూడ ఆ మంత్రివర్గమే రద్దుచేసెను. స్వాతంత్ర్యమనగా సభలలో పలుకు పెద్దమాట మాత్రమే కాదనియు, అధికారి అనుమతిలేక ఇంటి గడప దాటరాదనునట్టి చిన్న కట్టుబాట్లలో అది నిలిచియుండుననియు బర్కు గ్రహించినది ఈ కొలువులోనే.

పార్లమెంటులో జరుగు చర్చలను ప్రకటించుట ఆ కాలమున నేరము. 1771లో పత్రికల ముద్రాపకులను శిక్షింపవలెనని సభలో అధికసంఖ్యాకులు పట్టుబట్టిరి. మార్చి 12వ తేదీన బర్కును, అతని మిత్రులును ఏదోయొక సవరణ ప్రతిపాదించుచు, ఒక్క రాత్రిలో 23 పర్యాయములు ఓట్లు లెక్కింపజేసి ఆ కార్యమును సాగనీయకుండిరి. ఆ వివాదము తరువాత చర్చలు ప్రకటించిన పత్రికలపై సభ మరల అట్లు విరుచుకుపడుట మానెను. తాము పంపిన ప్రతినిధి ఏమి పలికెనో ప్రజలు చదువుకొను భాగ్యము అట్లు చిక్కినది.

1774లో బ్రిస్టలు రేవుపట్టణమువారు బర్కును తమ ప్రతినిధిగా ఎన్నుకొనిరి. అది ఆ దేశమున గొప్ప వ్యాపారస్థలము. గెలిచిన దినముననే ఆయన ఓటర్లతో ఖండితముగా ఒక మాట చెప్పెను. ప్రతినిధి తన శ్రమను, కాలమును ప్రజలకు ధారపోయవలసినవాడే. కాని తన వివేకమును వారి యిష్టమునకు తాకట్టు పెట్టరాదని ఆ మాట సారాంశము. ఆరేండ్లు ఆ మాట నిలుపుకొనెను. అమెరికావారితో సంధి చేసికొనుడని 1775లో దీర్ఘోపన్యాసము చేసెను. యుద్ధము మిషతో అమెరికనుల విషయమున హేబియస్ కార్పసు రక్షణను నిలిపివేయు చట్టమును 1777లో నిరసించెను. విచారణ లేక మనుష్యుని చెరలో నుంచరాదను ఆ పూర్వపు కట్టుబాటును ఒక వర్గమునకు తీసివేసిన, అది తక్కినవారికిని దక్కదని ఆయన వాదము. ఐర్లండు వర్తకమునకు గల అడ్డంకులను సడలింపవలెననెను. కతోలికులపై గల కఠినచట్టములను సవరించుటకు సహకరించెను. బాకీ తీర్చలేని పేదను అప్పులవాని దయాదాక్షిణ్యములకు విడిచి చెరలో మ్రగ్గనిచ్చు పద్ధతిని సంస్కరింపవలెననెను. ఐర్లండు పోటీకి వెఱచిన వర్తకులకు మొదటిది రుచింపలేదు. మతాభిమానులకు రెండవది రుచింపలేదు. అప్పులిచ్చినవారికి మూడవది రుచింపలేదు. 1780లో గెలుపు లేదని తెలిసికొని ఆయన బ్రిస్టలు పోటీనుండి తొలగెను. పిమ్మట రాకింగ్‌హాం ప్రభువు పలుకుబడిగల మాల్టను స్థానమునుండి పార్లమెంటు చేరెను.

ఆ 1780లోనే జనసమూహపు దౌర్జన్యము ఎట్టిదో ఆయన ప్రత్యక్షముగా చూచెను. కతోలికులకు చేసిన కొద్దిపాటి ఉపకారమును రద్దుచేయవలెనని లార్డు జార్జి గార్డను నడిపిన జనము జూను నెలలో వారము దినములు లండనును అల్లకల్లోలము చేసిరి. ప్రార్థనామందిరములను, ఇండ్లను, చెరసాలలను తగులబెట్టిరి. బర్కు ఇంటిని కూడ తగులబెట్టెదమని బెదిరించుటచే కొంతకాలము సిపాయిలు కావలి యుండిరి. ఆయన మాత్రము వీధిలో ఆ జనము నడుమకు పోయి తాను ఫలానా అని చెప్పుకొని నిలిచెను. సైన్యము కాల్పులలో వందలాది జనులు చచ్చిరి. అటుపిమ్మట కోర్టులు పలువురకు ఉరిశిక్ష విధింపగా, తన ఇంటిని దహింప వచ్చినవారికొరకు దయచూపుడని మంత్రులకు వ్రాసినవాడును బర్కే. మందలుగా ఉరితీసిన భయము కలుగదనియు, జనులకు రోత మాత్రమే కలుగుననియు, ముఖ్యులు కొద్దిమందిని మాత్రమే శిక్షించి తక్కినవారిని విడువవలెననియు సలహా యిచ్చెను. దానిని పూర్తిగ పాటింపలేదు.

ఆ గొడవకు రెండు నెలలు ముందు ఇద్దరు మనుష్యులను నీచమని యెంచబడిన నేరమునకు లండనులో బొండకొయ్యలో బిగించి నిలువబెట్టగా, జనము రాళ్లు రువ్వుటచే వారిలో ఒకడు అక్కడనే మరణించెను. చట్టము అవమానించుమనినదేగాని చంపుమనలేదు గదాయని బర్కు సభలో ప్రశ్నించెను. అట్టివారికొరకు మాటాడినందులకు పత్రికలు ఆయనపై బురద జల్లెను. ఆయన న్యాయస్థానము నాశ్రయించెనేగాని తన మాటను వెనుకకు తీసికొనలేదు.

ప్రభుత్వపు లెక్కల విషయమున బర్కు చేసిన సంస్కరణ ప్రత్యేకముగా చెప్పదగినది. రాజుగారి కొలువులో పనిలేని ఉద్యోగములు పెక్కు కలవు. వానిని ఎరగా చూపి మంత్రులు పార్లమెంటు సభ్యులను లోబరచుకొనుచుండిరి. అట్టి కొలువులను తగ్గింపవలెనని 1780లో బర్కు తెచ్చిన బిల్లు నెగ్గలేదు. 1782లో రాకింగ్‌హాం మరల ప్రధాని కాగా, బర్కు సైన్యమునకు జీతములు పంచు శాఖకు అధిపతి అయ్యెను. అంతకుముందు ఆ పదవిలోనివారు సైన్యపు సొమ్మును తమ సొంత లెక్కలో నుంచుకొని, దానిపై వచ్చు వడ్డీని అనుభవించుట ఆచారము. బర్కు మిత్రుడు చార్లెసు ఫాక్సు తండ్రియే అట్లు కోటీశ్వరుడయ్యెను. బర్కు ఈ యాచారమును తన చేతులతోనే కట్టిపెట్టెను. సొమ్ము ఇంగ్లండు బ్యాంకులో నుండవలెననియు, ఖర్చు వచ్చినపుడే తీయవలెననియు, అధిపతికి 4,000 పౌనుల జీతము తప్ప వేరు ఆదాయము లేదనియు చట్టము చేయించెను.

ఇంతటివాని సొంత లెక్కలు మాత్రము సరిగా నుండలేదు. 1768లో బీకన్స్‌ఫీల్డు గ్రామముచెంత సుమారు 600 ఎకరముల ఎస్టేటును దాదాపు 20,000 పౌనులకు కొనెను. అందు అధికభాగము అప్పు. మరుసటి యేడే ఈస్టిండియా కంపెనీ వాటాల ధర పడిపోవుటచే సోదరుడును, విలియం బర్కు అను ఆప్తుడును నష్టపోయిరి. ఆ భారము ఎడ్మండుపైనను పడెను. పదవి లభించిన కొద్ది కాలములోనే కుమారునకును, సోదరునకును, విలియమునకును ఉద్యోగము లిప్పించెను. తంజావూరు రాజునకు ప్రతినిధిగా పనిచేసిన విలియము చెప్పిన సంగతులే బర్కునకు దక్షిణదేశ వ్యవహారములలో ఆసక్తి కలుగుటకు కొంత కారణము. కనుక ఆయన వాదనలలో బంధుపక్షపాతము లేశమైనను లేదని చెప్పరాదు.

బీకన్స్‌ఫీల్డులో ఆయన కేవలము జమీందారువలె గాక నిజమైన సేద్యగానివలె మెలగెను. క్యారటు దుంపలు పండించుటను, పందులను మేపుటను, లోతుదుక్కిని గూర్చి వ్యవసాయశాస్త్రజ్ఞుడగు ఆర్థరు యంగుతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుచుండెను. 1781లో పేష్వా పదవికి పోరాడుచున్న రఘునాథరావు దూతగా హనుమంతరావు అను బ్రాహ్మణుడు ఇద్దరు పారశీకులతో లండనునకు వచ్చి ఇబ్బందిపడుచుండగా, బర్కు వారిని తన యింటికి తోడ్కొనిపోయెను. ఆచారభంగము కాకుండ వంట చేసికొనుటకు మొక్కలు పెంచు అద్దాలశాలను వారికి విడిచియిచ్చెను. పరదేశీయుని ఆచారమును వింతగా చూచి నవ్వక, గౌరవించుట ఆయన స్వభావము. తరతరములుగా వచ్చిన ఆచారమున ఏదోయొక వివేకము దాగియుండునని ఆయన నమ్మకము.

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ పాలనలో చెన్నపట్టణము చుట్టుపట్టులును, నెల్లూరు, ఒంగోలు, పల్నాడు సీమలును చేరియుండెను. నవాబు కంపెనీ నౌకర్లయొద్దనే హెచ్చువడ్డీకి అప్పులు చేసి, ఆ సీమల శిస్తులను వారికి వ్రాసి యిచ్చుచుండెను. పాల్ బెన్‌ఫీల్డు మున్నగువారు ఇట్లు ధనవంతులై, ఆ ధనముతో పార్లమెంటున స్థానములు సంపాదించిరి. 1784లో అధికారులు ఈ అప్పులను విచారణ లేకయే చెల్లింపవలెనని ఉత్తరువు చేయగా, 1785 ఫిబ్రవరి 28వ తేదీన బర్కు దానిని ఖండించుచు ప్రసంగించెను. అసలు ఇచ్చిన సొమ్మెంత, వడ్డీకి వడ్డీ కట్టి పెంచినదెంత, కాగితముపై మాత్రమే పుట్టినదెంత అని పద్దు పద్దునకు తరచి అడిగెను. హైదరాలీ దండయాత్రలో పాడైన కర్ణాటకసీమను వర్ణించెను. ఒక పటమునుండి చెరువులను లెక్కించి, ఆ కొద్ది భాగముననే 1,100కు మించి కలవని తెలిపెను. పూర్వరాజులు రాబోవు తరములకొరకు త్రవ్వించిన ఆ చెరువులకు మరమ్మతు చేయు సొమ్మునే ఈ అప్పులవారు మ్రింగుచున్నారని ఆయన నింద. ఓట్లలో ఓడిపోయెను. 1801లో కంపెనీ కర్ణాటకమును తన పాలనలో కలుపుకొనెను. అటుపై 1805లో మొదలైన విచారణలో, నవాబులపై తరువాత చూపబడిన అప్పుపత్రములలో అధికభాగము నిలువజాలవని తేలినది.

బంగాళాన్ని పాలించిన వారెను హేస్టింగ్సుపై నడిచిన మహాభియోగమునకును బర్కే నాయకుడు. 1788 ఫిబ్రవరిలో మొదలైన విచారణ ఏడేండ్లు సాగి, 1795 ఏప్రిలు 23వ తేదీన హేస్టింగ్సు నిర్దోషియను తీర్పుతో ముగిసెను. కోపము పట్టజాలక బర్కు పలికిన మాటలకు 1789లో కామన్సు సభయే ఆయనను మందలించెను. హేస్టింగ్సు నేరము నాయన హద్దుమీరి పెంచి చెప్పెనని తరువాతి చరిత్రకారులు పలువురు తలచిరి. అయినను భారతదేశమున చేసిన పనికి ఇంగ్లండున జవాబు చెప్పవలసివచ్చుననియు, తూర్పుదేశములలో ధర్మము వేరనుట చెల్లదనియు కంపెనీ అధికారులకు తెలిసివచ్చినది ఆ విచారణవలననే.

1789లో ఫ్రాన్సు విప్లవము చెలరేగినపుడు అమెరికావారిని సమర్థించిన బర్కు దీనిని కూడ మెచ్చుకొనునని మిత్రులు తలచిరి. 1790 నవంబరున ఆయన ప్రకటించిన గ్రంథము దానిని తీవ్రముగా నిరసించెను. స్వాతంత్ర్యము పెద్దలనుండి సంక్రమించిన ఆస్తివంటిది. బ్రతికియున్న తరము దానికి ధర్మకర్త మాత్రమే. పాడైన గోడను బాగుచేసికొనవచ్చునుగాని ఇల్లంతయు కూల్చి ఊహాపటము చూచి కట్టబూనిన తుదకు సేనాపతి ఒకడు యజమానుడగును: ఇది ఆయన వాదము. 1799లో నెపోలియను అధికారము చేకొనుటతో ఆ హెచ్చరిక నిజమైనది. ఈ భేదమువలన 1791 మే 6వ తేదీన నిండుసభలో ఫాక్సుతో చిరకాలస్నేహము తెగిపోయెను. ఫాక్సు కంట నీరు పెట్టుకొనెను. బర్కు మనసు మరలలేదు.

ఆయన దోషమును కూడ ఇక్కడనే చూడవలెను. ఆస్తి సంక్రమించినవానికి దానిని కాపాడుమని చెప్పుట సులభము. ఏమియు సంక్రమింపనివానికి ఏమి చెప్పవలెను? ఓటులేని వేలాది పనివారి విషయమున బర్కు ఓటుహక్కు విస్తరణమును ఒప్పుకొనలేదు. స్థాపితమతమున చేరని ప్రొటెస్టెంటులకు ఉద్యోగములు నిషేధించు చట్టమును 1790లో రద్దుచేయనీయలేదు. సామాన్యజనమును పశువులతో పోల్చిన ఆయన మాట ఒకటి విరోధుల కరపత్రములకు ఆయుధమైనది. తన గ్రంథమునకు బదులు వ్రాసిన టామసు పెయినును 1792లో ప్రభుత్వము శిక్షింపజూచినపుడు, మునుపు ముద్రాపకులకొరకు రాత్రియెల్ల పోరాడినవాడు అడ్డుపడలేదు. భయము స్వాతంత్ర్యప్రియుని కూడ ఎంత దూరము త్రోయునో దీనివలన తెలియుచున్నది.

1794లో ఆయన పార్లమెంటునుండి విరమించెను. ప్రభుపదవి ఇచ్చుటకు ఏర్పాట్లు జరుగుచుండగా ఆగస్టు 2వ తేదీన ఒక్కగానొక్క కుమారుడు రిచర్డు క్షయచే మరణించెను. వంశము నిలుపువాడు పోయిన పిదప ఆ పదవి యూసు ఎవరును తలపెట్టలేదు. అప్పులు తీరుటకై ప్రభుత్వమిచ్చిన భరణమును బెడ్‌ఫర్డు ప్రభువు ఆక్షేపింపగా, ఆ ప్రభువు పూర్వులు రాజుల దయవలన పొందిన భూముల చిట్టా విప్పి 1796లో బర్కు ఘాటైన బదులు వ్రాసెను. ఆ కరవు దినములలో కూలిరేట్లను ప్రభుత్వము నిర్ణయింపరాదని మంత్రికి వ్రాసినవాడే, తన యూర ధాన్యము విసరించి పేదలకు తక్కువ ధరకు రొట్టె అమ్మించెను. ఫ్రాన్సునుండి పారిపోయి వచ్చినవారి పిల్లలకు చెంతనున్న పెన్ గ్రామమున సుమారు 60 మందికి పాఠశాల తెరపించి, కుమారులవలె చూచుకొనెను.

1797 జూలై 9వ తేదీన బర్కు కాలధర్మము నొందెను. వెస్టుమినిస్టరులో సమాధి చేయింపవలెనని ఫాక్సు కోరెను. కాని మరణశాసనము ననుసరించి బీకన్స్‌ఫీల్డు గ్రామపు చర్చిలోనే, కుమారుని చెంత, ఆడంబరము లేక పూడ్చిరి. ఏ కతోలికులకొరకు బ్రిస్టలును పోగొట్టుకొనెనో, వారు పార్లమెంటున కూర్చుండు హక్కును 1829లో పొందిరి. ఆయన వలదన్న ఓటుహక్కు విస్తరణము 1832లో మొదలై, ఇల్లు కూలకుండగనే, గోడకు గోడగా క్రమక్రమముగా సాగినది. ఆయన నేర్పిన పద్ధతియే ఆయన భయమును తప్పని నిరూపించినది. పాతదాని విలువ నెఱిగి క్రొత్తదానిని చేర్చుకొనువారికి ఎడ్మండు బర్కు జీవితమున గ్రహింపదగినదియు, విడువదగినదియు రెండును లభించును.